నా నెర్రెల మీద అలుకు

నాకు జరిగిన అన్యాయాలను జరిగిన రోజునే, తేదీతో సహా, రాసి ఉంచుకోవడం ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నా అలవాటు. అటువంటి నోటుపుస్తకాలు నా వద్ద పదకొండు ఉన్నాయి. అందులో ఈ విషయానికి సంబంధించిన వాటిని మాత్రమే ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

2005 ఏప్రిల్ 18: సోమశిల నుంచి తెస్తున్న నా మట్టిమూటను బస్సు కండక్టరు సీటు మీద నుంచి తీయించి నా ఒళ్లో పెట్టించాడు. కొల్లాపూరు నుంచి వనపర్తి దాకా అలాగే మోశాను.

2005 మే 6: డాబా మీద ఎండుతున్న నా మొదటి చిత్రం మీద నా భార్య వడియాలు పెట్టింది.

2005 ఆగస్టు 21: రెండవ చిత్రాన్ని చెదలు తిన్నాయి. బాధ్యులు ఫలానా అని తేల్చలేక ఫిర్యాదును నేనే మూసివేశాను.

2006 ఫిబ్రవరి 9 లేక 10 (రూఢి కాలేదు): వనపర్తి ప్రదర్శనలో పెట్టిన నా మూడవ చిత్రాన్ని, నా అనుమతి లేకుండా, ఈ చివర నుంచి ఆ చివర వరకు అలికివేశారు.

2006 ఫిబ్రవరి 16: ఆ చిత్రానికే నాకు ప్రథమ బహుమతి ఇచ్చారు.

2006 ఏప్రిల్ నుంచి నేటి వరకు: నేను రాసిన నాలుగు ఉత్తరాలకు జవాబు లేదు.

బహుమతి అన్యాయాల కింద ఎలా వస్తుందని పాఠకులు అడగవచ్చు. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

గద్వాల చుట్టుపక్కల బడుల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు డ్రాయింగు మాస్టరుగా పనిచేశాను. అంటే ముప్పై ఒక్క సంవత్సరాలు నల్లబల్ల మీద ఒక కుండనూ ఒక మామిడికాయనూ గీసి, పిల్లల చేత అదే కుండనూ అదే మామిడికాయనూ గీయించాను. నా కుండలు ఒక పక్క ఉబ్బి ఒక పక్క నొక్కుకుపోయినవి కావు. కొలత పెట్టి చూసినా రెండు పక్కలూ సమానంగా వచ్చేవి. ఆ ఒక్క కారణంతో నేను చిత్రకారుణ్నని నమ్మాను. ఆ నమ్మకంలో నాకు తోడు ఎవరూ లేరు.

పదవీ విరమణ తరువాత హైదరాబాదులో ఒక ప్రదర్శనకు వెళ్లి, ఇసుకా గుడ్డపీలికలూ అతికించి చేసిన ఒక చిత్రాన్ని చూశాను. వేలితో తడిమి చూడబోతే అక్కడి కాపలాదారు మందలించాడు. (అది వేరే పుస్తకంలో ఉంది.) తిరుగు ప్రయాణంలోనే నిశ్చయించుకున్నాను: భూమిని రంగులతో గీయడమేమిటి, మట్టితోనే గీస్తాను.

ఏం గీయాలో కూడా నాకు తెలుసు. అంతకు ముందు వరుసగా వానలు తప్పిన ఏళ్లలో, గద్వాల బయటి నల్లరేగడి చేలల్లో నెర్రెలు నా అడుగు స్కేలు పూర్తిగా మునిగేంత లోతుకు పోయాయి. కొలిచి రాసుకున్నాను. తరువాత ఒక పెద్దవాన పడింది. మూడవ రోజున అదే స్కేలు పట్టుకొని వెళ్తే ఆ నెర్రెలు దొరకలేదు. ఎవరూ పూడ్చలేదు, నేల తనంతట తానే ఉబ్బి దగ్గరకు వచ్చింది. ఒక పలక మీద పగలడమూ మళ్లీ కూడడమూ రెండూ చూపించాలి. అదీ నా సంకల్పం. చిత్రానికి పేరు కూడా ముందే పెట్టాను: "భూమి: భంగురత్వము, సహిష్ణుత". నా భార్య ఆ పేరు రెండుసార్లు చదివి, "గిది మందుసీసా మీద పేరు లెక్కున్నది సారూ" అన్నది. ఊరంతా నన్ను సారు అంటుందని ఆమె కూడా అలాగే పిలుస్తుంది. అయితే ఊరు పిలిచే తీరు వేరు, ఆమె పిలిచే తీరు వేరు.

నల్లమట్టి గద్వాలలోనే దొరికింది. ఎర్రమట్టిని బల్మూరులో ఉన్న నా పాత విద్యార్థి ఒకతను పంపాడు. వేసవిలో కృష్ణ వెనక్కి తగ్గినప్పుడు సోమశిల ఒడ్డున బయటపడే బూడిదరంగు ఒండ్రు కోసం మాత్రం స్వయంగా వెళ్లాను. మునిగి తేలిన నేల అది. నా చిత్రానికి అంతకంటే తగినది లేదనుకున్నాను. తిరుగు బస్సులో కండక్టరు సీటు మీది మూటను చేత్తో తట్టి చూశాడు.

"ఏముంది సార్ గిండ్ల?"

"మట్టి."

"మన్నా? ఏడికి?"

"గద్వాలకు."

అతను బస్సంతా వినేలా అన్నాడు: "గద్వాలల మన్ను ఒడిసిపోయిందంట, ఇనుండ్రి! సార్, సీటు మనుషులకు. మన్ను మీదాయె, ఒళ్లె పెట్టుకోండ్రి."

పద్ధతి ఇది. నాలుగడుగుల చెక్క పలక మీద గోనెగుడ్డ అతికించాను. దానిమీద మట్టిని మూడు పొరలుగా పరచి ఎండలో ఉంచాను. గట్టిగా ఎండితే నెర్రెలు వాటంతట అవే వస్తాయి. నా భార్యది గద్వాలలో నేతపని చేసే కుటుంబం. నూలు చీరకు పట్టు అంచు కలిపేచోట తెగి పడే దారప్పోగులను వాళ్లింటి నుంచి తెప్పించి, నెర్రెల లోపల నీటిచారల వలె అతికించాను. జిగురు చింతగింజలది. రెండవ చిత్రం చెదల పాలయింది కాబట్టి ఈసారి జిగురులో మైలుతుత్తం కలిపాను. చివరగా, సహిష్ణుతను చూపడం కోసం కొన్ని నెర్రెల్లో జొన్నగింజలు నాటాను. న్యాయనిర్ణేతలు వచ్చే రోజుకు అవి మొలవాలని లెక్క వేశాను.

"తుత్తం కలిపిన జిగుర్ల గింజ ఎట్ల మొలుస్తది సారూ? అది విషం గాదా?" అన్నది నా భార్య.

"సలహా అందినది, పరిశీలనలో ఉన్నది" అని పుస్తకంలో రాసుకున్నాను. ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.

మొదటి చిత్రం మీద ఆమె వడియాలు పెట్టిన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నిలదీస్తే, "ఎండకు పెట్టిన్రు, పనికొస్తదేమో అనుకున్న" అన్నది. వడియాలు తీసినప్పుడు వాటితోపాటు నా నెర్రెల అంచులు కూడా ఊడివచ్చాయి. ఆ వడియాలను మేము తినలేదు. ఒకదానిని నేను రుచి చూశానన్నది నిజమే, పరిశీలన కోసం.

మూడవ చిత్రంలో అరవై మూడు నెర్రెలు వచ్చాయి. ఒక్కొక్కదానికి సంఖ్య ఇచ్చి, గ్రాఫు కాగితం మీద పటం గీసి ఉంచాను. దారిలో ఒకటి పెరిగినా తరిగినా తెలియాలి కదా. 2006 ఫిబ్రవరి 8న ఒక ట్రాలీ ఆటోలో పరుపు వేసి, దానిమీద పలకను పడుకోబెట్టి, పక్కన నేను కూర్చుని వనపర్తికి తీసుకెళ్లాను. ప్రదర్శన ఒక బడి హాలులో. నిర్వాహక సంఘం కన్వీనరు ఒకప్పుడు నా విద్యార్థి. ఎన్ని సంవత్సరాలు గీసినా అతని కుండ నిలబడేది కాదు. పలక బరువుకు గోడ మేకులు ఆగవని, వరండాలో ఒక బెంచీ మీద దానిని వెల్లకిలా ఉంచారు. అరవై మూడు నెర్రెలనూ పటంతో సరిచూసుకొని, సరిపోయాయని సంతకం పెట్టి గద్వాలకు తిరిగివచ్చాను.

ఫిబ్రవరి 16న మళ్లీ వెళ్లాను. బెంచీ అదే, పేరు రాసిన అట్ట అదే. పలక మీద నెర్రెలు మాత్రం లేవు.

నల్లని నా నేల స్థానంలో నునుపైన ఎర్రని అలుకు ఉంది. దాని చుట్టూ, ఇళ్ల గోడల అడుగున పూసే ఎర్రని జాజు పట్టీ. పట్టీ మీద వరుసగా సున్నపు చుక్కలు. అలుకు ఆరేటప్పుడు అడుగున ఉన్న నా నెర్రెల జాడలు కొన్ని సన్నని గీతలుగా పైకి తేలాయి. ఆ గీతల మధ్య, వేలెడేసి ఎత్తున, ఏడెనిమిది పచ్చని మొలకలు నిలబడి ఉన్నాయి.

జేబులోంచి పుస్తకం తీసి, కార్బను కాగితం పెట్టి, "కన్వీనరు గారికి: నా కళాఖండమునకు జరిగిన విధ్వంసము గురించి" అని మొదలుపెట్టాను. ఒక పేజీ నిండింది. రెండవ పేజీలో దోషిని గుర్తించి శిక్షించవలసిందిగా కోరుతున్న వాక్యం మధ్యలో ఉండగా, లోపలి నుంచి మైకులో నా పేరు వినిపించింది. ప్రథమ బహుమతి.

హైదరాబాదు నుంచి వచ్చిన న్యాయనిర్ణేతలలో పెద్దవారు వేదిక మీద నా భుజం మీద చెయ్యి వేసి ఇలా అన్నారు: "పగిలిన నేలను చూపించేవాళ్లు చాలామంది ఉన్నారు మాస్టారూ. మానిన నేలను చూపించింది మీరొక్కరే."

నేను తొమ్మిది నెలలు ప్రయత్నించి సాధించలేనిది సరిగ్గా అదే. ఫిర్యాదు కాగితాలను మడిచి జేబులో పెట్టుకున్నాను. కార్బను నకలుతో సహా. సర్టిఫికెట్టు అందుకున్నాను. నా పద్ధతి గురించి రెండు మాటలు చెప్పమంటే, గడియారం చూసి ఏడు నిమిషాలు మాట్లాడాను. "నియంత్రిత అంకురణ" అనే మాటను ఆ ఏడు నిమిషాలలోనే సృష్టించాను. చప్పట్లు కొట్టారు. నా కుండలకు ఎవరూ ఎన్నడూ చప్పట్లు కొట్టలేదు.

దిగి వరండాలోకి వస్తే, పలక పక్కన ఆ బడి ఆయమ్మ చిన్న చెంబుతో నిలబడి ఉంది. ఊడ్చేదీ నీళ్లు పెట్టేదీ ఆమే. వయసు యాభై దాటి ఉంటుంది. గోపాల్‌పేట నుంచి రోజూ బస్సులో వస్తుందని తరువాత తెలిసింది.

"మంచిగున్నదా సార్?" అన్నది.

"ఎవరు చేశారమ్మా ఇది?"

"నేనే సార్. పొద్దుగాల ఊడ్వనీకొస్తే మీ పలక మొత్తం నెర్రెలు వాసి ఉండె. అయ్యో, పెద్దసారు గద్వాల కెళ్లి తెస్తే తొవ్వల పలిగినట్లున్నది, చూస్తే పరేషాన్ అయితడని ఎర్రమన్ను తెచ్చి అలికిన. ఎండితే మల్ల పలుగుతదని రోజింత నీళ్లు చిలకరించిన."

"మరి ఆ మొలకలు?"

"అలుకుల పొట్టు కలుపుతం గద సార్. పొట్టుల కొర్రగింజలు ఉంటయి. పచ్చిగుంటే మొలుస్తయి. పీకేద్దునా?"

"వద్దు!" అన్నాను, వరండా అంతా తిరిగి చూసేలా.

ఆమె నా చేతిలోని సర్టిఫికెట్టును చూసి నవ్వింది. "మైకుల మీరు చెప్పింది నాకు సమజ్ కాలే గనీ సార్, ఆ పొట్టు మాత్రం మా ఇంటిదే."

ఆ క్షణంలో తిరిగి వేదిక ఎక్కి ఉండవలసింది. పది మెట్లు కూడా లేవు, నాలుగు. లెక్క తెలిసినవాణ్ని కాబట్టి చెప్తున్నాను. ఎక్కలేదు. గద్వాల బస్సుకు వేళ అయిందని చెప్పి వెళ్లిపోయాను. బస్సుకు ఇంకా గంట ఉంది.

ఇంట్లో సర్టిఫికెట్టుకు అద్దం కట్టించాను. చిత్రాన్ని నిర్వాహకులు తమ వద్దే ఉంచుకొని నాకు ఒక ఫోటో ఇచ్చారు. నా భార్య ఆ ఫోటోను వెలుతురులో పట్టుకొని చాలాసేపు చూసింది.

"గిది మీరు అలికిన్రా?"

"నా పర్యవేక్షణలో జరిగింది."

"మీరు ఒక్కనాడన్న అలుకుగుడ్డ పట్టినోళ్లా? ఈ చెయ్యి చూడుండ్రి, ఎట్ల సుట్టు తిరిగిందో. ఇది ఏండ్ల సంది అలికినామె చెయ్యి. ఎవరామె?"

నేను అన్నం ముందు కూర్చుని ఉన్నందువల్ల జవాబు చెప్పడం కుదరలేదు. నోట్లో ముద్ద ఉంది.

బహుమతి పొందినవారు తమ పద్ధతిని డ్రాయింగు టీచర్లకు చేసి చూపాలన్నది నిర్వాహకుల నియమం. మార్చి నెలలో నాగర్‌కర్నూలులో ఏర్పాటు చేశారు. నలభై మంది టీచర్ల ముందు, ఎదుట నిలబెట్టిన పలక మీద, నేను అలికాను. చేతిగుడ్డ పట్టిన తీరు చూసి వెనుక వరుసలో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నియంత్రిత అంకురణ గురించి వివరిస్తుండగా పలక మీది మట్టి మొత్తం ఒకే ముక్కగా జారి నా పాదం మీద పడింది.

"పొట్టు ఎన్ని దినాలు నానవెట్టిన్రు సార్?" అని ఆ వెనుక వరుస ఆమె అడిగింది.

నానబెట్టాలని నాకు తెలియదు. "అది పరిస్థితిని బట్టి ఉంటుంది" అన్నాను. నలభై మందీ రాసుకున్నారు. నేను మాత్రం ఆ రోజు పుస్తకంలో ఏమీ రాసుకోలేదు. పదకొండు పుస్తకాలలో తేదీ వేసి ఖాళీగా వదిలిన పేజీ అదొక్కటే.

ఏప్రిల్ 2న గోపాల్‌పేట వెళ్లి ఆయమ్మ ఇల్లు కనుక్కున్నాను. ఆమె వాకిట్లో ఒక గుంతలో మన్ను నానుతూ ఉంది. పుల్లని వాసన వస్తోంది. ఆమె అడుగు వేసి తొక్కి, కాలు పైకి తీసి, మడమకు అంటిన మట్టిని చూసి, "ఇంక రెండు దినాలు" అన్నది. పొట్టు మురిగి మన్నులో కలిసిపోయేదాకా ఆగాలట. అప్పుడుగాని మన్ను పట్టు చిక్కదట. నా పలకకు పూసింది ముందే ఇలా నానిన మన్నట, మొలకలు మాత్రం అలికేటప్పుడు పైనుంచి కలిపిన కొత్త పొట్టులోవట. నేను రాసుకోబోతే, "రాస్తే ఏమొస్తది సార్? చెప్పులిడిసి తొక్కుండ్రి" అన్నది. తొక్కాను. అరవై మూడేళ్ల వయసులో మోకాళ్ల దాకా మట్టితో నేను నేర్చుకున్న మొదటి పాఠం అది.

తరువాత నేను వచ్చిన పని చెప్పాను. ఆ పని మీద బస్సులో వస్తూ ఒక ప్రసంగం సిద్ధం చేసుకున్నాను. బహుమతి రిజిస్టరులో నా పేరు పక్కన ఆమె పేరు కూడా చేర్పిస్తాను, ఇద్దరమూ కలిసి చేశామని రాయిస్తాను అన్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతాయని అనుకున్నాను. నేను ఆమెను ఊరడించవలసి వస్తుందని కూడా అనుకున్నాను.

ఆమె చెంబుతో నీళ్లు ముంచి కాళ్లు కడుక్కుంది.

"పక్కన వద్దు సార్," అన్నది. "రాయిస్తే నాదొక్కదాందే రాయించుండ్రి. నేనైతే అడుగక పోదును. మీరు అడిగిన్రు కాబట్టి చెప్తున్న. పలక మీది, మీకిచ్చేస్త. దాని మీద కనబడేదంత నేను చేసిందే గద?"

నాకు కోపం వచ్చింది. ఉదారంగా సగం ఇవ్వవచ్చిన మనిషికి ఇదా మర్యాద? "పైకి తేలిన ఆ సన్నని గీతలు నావి," అన్నాను. "అవి అడుగున ఉన్న నా నెర్రెల జాడలు. న్యాయనిర్ణేతలు మెచ్చుకున్నది వాటినే."

"అవా?" అన్నది సిగ్గుపడుతూ. "అది నా తప్పే సార్. ఇంకో పూత వేస్తే పోతుండె. మన్ను సాల్లే."

నా వాటా అంటూ నేను ఎత్తి చూపించింది ఆమె దృష్టిలో ఆమె పనిలో మిగిలిన లోపం. ఆమె ఇచ్చిన చాయ్ తాగాను. అక్కడినుంచి బస్టాండు దాకా నడుస్తూ, దారిలో ప్రతి ఇంటి గోడనూ చూశాను. అలుకు అంచున చేయి ఎక్కడ తిరిగిందో, ఎక్కడ ఆగిందో అన్నీ కనిపించాయి. ముప్పై ఒక్క సంవత్సరాలు ఇటువంటి గోడల మధ్య నుంచే బడికి నడిచి వెళ్లి, లోపల కుండ గీసి వచ్చాను.

ఇంటికి వచ్చి నా భార్యకు అంతా చెప్పాను. ఆమె సర్టిఫికెట్టును గోడ మీద నుంచి దింపి నా బల్ల మీద పెట్టింది. "రాసుడు మీకు బాగొస్తది గద. రాయుండ్రి" అన్నది.

ఆ రాత్రి కాదు, మరునాడు పొద్దున, కన్వీనరుకు మొదటి ఉత్తరం ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. జవాబు రాలేదు. నెల ఆగి రెండవది రాశాను. కన్వీనరు ఫోను చేసి, "గిప్పుడెందుకు సార్, రిజిస్టర్ క్లోజ్ చేసేసినం. మీరు పెద్దోళ్లు, ఉంచుకోండ్రి. ఆమె గూడ ఏమనది" అన్నాడు. మూడవ ఉత్తరానికి ఫోను కూడా రాలేదు. నాలుగవదాన్ని నేనే తీసుకెళ్లి ఇచ్చాను. అతను చాయ్ తెప్పించి, నా మోకాళ్ల గురించి అడిగి, మెట్ల దాకా వచ్చి సాగనంపాడు. ఇదంతా జరిగి మూడేళ్లు దాటింది. చిత్రం ఇప్పటికీ వాళ్ల ఆఫీసులోనే, నా పేరుతోనే ఉంది.

కాబట్టి, ఇదే ఐదవ ఉత్తరంగా భావించవలసిందిగా కోరుతూ, వనపర్తి ప్రదర్శన నిర్వాహక సంఘం కన్వీనరు గారికి తెలియజేయునది:

ఒకటి. 2006 ఫిబ్రవరి 16 నాటి ప్రథమ బహుమతి ఎదుట ఉన్న నా పేరును కొట్టివేసి, ఆ బడి ఆయమ్మ పేరును (నా మొదటి ఉత్తరంలో రాసినదే), ఆమె ఒక్కదాని పేరునే, నమోదు చేయవలెను. నా పేరును పక్కన గానీ కింద గానీ బ్రాకెట్లలో గానీ ఉంచరాదు.

రెండు. ఆ రోజు వేదిక మీద నేను చెప్పిన పద్ధతి నాది కాదనియు, నాకు ఆ పద్ధతి తెలియదనియు, ఈ వ్రాతను నా వాంగ్మూలంగా రికార్డులో జతపరచవలెను. నాగర్‌కర్నూలులో హాజరైన నలభై మంది టీచర్లకు, పొట్టును నానబెట్టవలెనను విషయమును తెలియజేయవలెను.

మూడు. సర్టిఫికెట్టును అద్దంతో సహా దీనితో తిప్పి పంపుతున్నాను. కొత్త సర్టిఫికెట్టును ఆ హాలులోనే, అందరి ముందు, ఆమె చేతికి ఇవ్వవలెను. ఆ రోజు నేను వెనుక వరుసలో కూర్చుంటాను. నన్ను మాట్లాడమని పిలవరాదు.

పై మూడు అంశములలో దేనినైనను అంగీకరించనిచో, కారణములను ఒక్కొక్క అంశమునకు విడివిడిగా, సంతకముతో, ముప్పది దినములలో, వ్రాతపూర్వకముగా నాకు తెలియజేయవలెను. ఫోను ద్వారా చెప్పు జవాబును, చాయ్ ఇచ్చి చెప్పు జవాబును, జవాబుగా పరిగణించను.